ప్రతి ఫోటోలోనూ ఎర్రచీర

ఏప్రిల్. ఉదయం ఆరు గంటలు. గురుబరపల్లి దాటాక, గుట్ట కింద దిగాం. ఒక సైనిక హెలికాప్టరు, రెండు ట్రక్కులు, కెప్టెన్, పైలట్, రేడియో ఆపరేటరు, మెడలో కెమెరాతో హవల్దారునైన నేను. గుట్టమీది అడవి అంటుకుంది. పైలట్ డ్యామ్ నీళ్లు బకెట్టుతో తెచ్చి పొయ్యాలి. నేను ఆ పనిని కింద నుంచి, ఎదురుగా, గుట్టపై నుంచి, హెలికాప్టర్ లోపలి నుంచి ఫోటోలు తియ్యాలి. మూడు రోజులు.

హెలికాప్టరు లేపిన దుమ్ముకు ఎక్కడో దూరాన ఉన్న జూజువాడి చెక్‌పోస్టులో లారీలు పట్టపగలే లైట్లు వేసుకున్నాయి. కెమెరా సంచి ఏడు కిలోలు. గుట్ట సగమెక్కేసరికి డెబ్బై.

రెండో రోజు సాయంత్రం ఫోటోలు తెరమీద చూశాను. కింద నుంచి తీసినదాంట్లో రెక్క కింద, టమాటా తోటలో ఒక ఎర్రచీర. ట్రక్కుపై నుంచి తీస్తే తోక పక్కన. గుట్టపై నుంచి మిరపపండంత. అన్నిట్లోనూ ఆమే.

"ఇన్నిసార్లు ఊరికే పడదు. ఎవరో కనుక్కో," అన్నాడు కెప్టెన్.

"గూఢచారులు ఈ మధ్య టమాటాలు కూడా పండిస్తున్నారేమో, హవల్దార్!" అని నవ్వాడు రేడియో ఆపరేటరు.

మూడో రోజు పది గంటలకు ఆమె తోటకే వెళ్లాను. ఆమె చేతిలో కొడవలి. చూపు దానికంటే పదును.

"ఏమమ్మా, ఫోటో తీసేటప్పుడల్లా ఈడే ఎందుకు నిలబడతావు?"

"నీది యా ఊరప్పా?"

"బేరిగై."

"బేరిగైలో పుట్టి నా నేల కొలిచేదానికి వచ్చినావా?"

"కాదమ్మా, మంట ఆర్పేదానికి."

"మంట ఆర్పేదానికి ఫోటో ఏంటికి? మా అక్క నేలనీ ఇట్లే ఫోటో తీసుకొని పోయినారు. ఫ్యాక్టరీకి తీసుకునేటప్పుడు కాగితంలో బీడని రాసినారు. ఫోటోలో ఒక్క మనిషీ లేదంట! అందుకే నిలబడినాను. ఇప్పుడు బీడని రాయప్పా, చూద్దాము!"

ఫోటోల కింద వివరాలు రాసేది నేనే. మొదటి రోజు నుంచీ, కనీసం అటు చూడకుండా, అన్నిటికీ ఒకే వివరం కొట్టేశాను: 'స్థలం: బీడు నేల.'

మధ్యాహ్నం కూర్చుని ఒక్కొక్కటీ మార్చాను: 'టమాటా తోట. రైతు తోటలోనే ఉంది.'

కెప్టెన్ నన్ను అనుమానంగా చూశాడు. "హెలికాప్టరు ఫోటోకు టమాటా ఎందుకు?"

"ఆమె ఎవరో కనుక్కోమన్నారు కదా, సార్."

సంతకం పెట్టాడు.

నాలుగింటికి చివరి ఫోటో, హెలికాప్టర్ లోపలి నుంచి. కింద గాలికి తోటంతా వంగిపోయింది. ఆమె రెండు చేతులా టమాటా మొక్కల ఊతకర్రలు రెండు పట్టుకుని, రెప్పవేయకుండా నా కెమెరా వైపే చూస్తోంది. మంట ఆర్పేదానికే వచ్చామన్న నా మాట నమ్మలేదు.

ఇప్పుడు రిటైరై బేరిగైలో రాగి పండిస్తున్నాను. పైన హెలికాప్టరు చప్పుడైతే చాలు, చేని నడుమకు పోయి నిలబడతాను. రెప్పవేయను.