మునీశ్వరి పసుపుపచ్చ రోజా

పుంగనూరులో మా వీధి మొత్తానికి మునీశ్వరి నోటికి భయపడని మనిషి ఒక్కతే ఉండేది. మునీశ్వరి మొగుడు రాజగోపాల్‌కు అక్క, రత్నమ్మ. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. రాజగోపాల్ వాళ్ళ నాయన ఉన్న ఒక్క ఇంటినీ రెండు చేసి కొడుక్కొకటి, కూతురికొకటి ఇచ్చిపోయాడు. వెనక పెరట్లో నడుమెత్తు గోడ. ఆ గోడకు చెవులుంటే ఎప్పుడో చెవుడు వచ్చి ఉండేది.

గొడవ మొదలైంది రాగి సంగటి దగ్గర. గంగమ్మ జాతరకు వచ్చిన బంధువులకు రత్నమ్మ సంగటి చేసి పెడితే, మునీశ్వరి పదిమందిలో ముద్ద విరిచి చూసి, "వదినా, ఇది సంగటా, గోలీ ఉండలా? పిలకాయలు ఆడుకునేదానికి బాగుంటాదే!" అనింది. అందరూ నవ్వారు. రత్నమ్మ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అంటే నేరుగా లేవు. ఒకరిని ఒకరు తిట్టాలంటే కోడినో, కుక్కనో, మాడిన గిన్నెనో అడ్డం పెట్టుకుని తిట్టుకునేవాళ్ళు.

ఇట్లా ఉండగా తొంభై అయిదులో మునీశ్వరి చీర కొనడానికి మదనపల్లెకు పోయి, చీర కొనకుండా ఒళ్ళో రోజా మొక్క పెట్టుకుని బస్సు దిగింది. మా వీధిలో రోజాలు లేక కాదు. ఎర్రవీ, తెల్లవీ, గుత్తులుగా పూసే నాటు రోజాలూ ఉన్నాయి. కానీ ఇది పసుపుపచ్చ. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి చెంబు ఎండలో మెరుస్తుందే, ఆ రంగు. కొమ్మకు ఒక్కటే పువ్వు, పిడికిలంత. వారం రోజులైనా రాలదు. మొక్క మటుకు మోకాలు దాటదు.

వాళ్ళ పెరడు నాలుగు చాపలు పరిస్తే నిండిపోతుంది. అందులోనే నీళ్ళ తొట్టి, బట్టలుతికే బండ, కరివేపాకు చెట్టు. బండకూ గోడకూ మధ్య, మధ్యాహ్నం దాకా ఎండ పడే చోటు చూసి నాటింది. పేడ ఎరువు, వేపపిండి, తాగేసిన టీ పొడి, గుడ్డు పెంకులు, అన్నీ దానికే. కూతురు శ్వేతకు గుడ్డు పెట్టేది కూడా పెంకు కోసమేనని మొగుడు నవ్వేవాడు.

శుక్రవారం వస్తే ఒక పువ్వు జడలో పక్కకు పెట్టుకుని బజారుకు బయల్దేరేది. బజారు ఇటు ఉంటే ఆమె అటు నడిచి, రత్నమ్మ గడప ముందు నుంచి తిరిగిపోయేది. శుక్రవారాలు ఆ ఇంట్లో కూరగాయలు రెండుసార్లు అయిపోయేవి.

కొమ్మ అడగని వాళ్ళు లేరు. "మునీశ్వరమ్మా, ఒక్క కొమ్మ ఇయ్యమ్మా, నాటుకుంటా."

"ఇయ్యను. మదనపల్లెకు బస్సుండాది, ఎక్కు."

ఊరు మొత్తంలో పసుపు రోజా తన పెరట్లోనే ఉండాలి. ఆమెకు కావలసింది అంతే.

ఇక్కడ రత్నమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆమె మొగుడు గంగులప్పది పెద్దపంజాణి. వాళ్ళకు అక్కడ రోజా తోట ఉండేది. అది అమ్మేసి పుంగనూరులో విత్తనాల అంగడి పెట్టారు. ఆ తోటలో పదేళ్ళు రత్నమ్మ చేసిన పని కన్ను కట్టడం. మంచి రోజా కొమ్మ మీది మొలక కన్నును తీసి, నాటు రోజా బెరడు చీల్చి, అందులో దూర్చి కట్టేది. రోజా గురించి ఆమెకు తెలియనిది లేదు.

మూడో ఏడు వానలకు మునీశ్వరి మొక్క మొదట్లో నుంచి ఒక కొమ్మ లేచింది. నిటారుగా, నిగనిగలాడుతూ, నెల తిరిగేసరికి గోడను అందుకుంది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మునీశ్వరి మురిసిపోయి దానికి ఊతకర్ర కట్టింది, టీ పొడి రెట్టింపు చేసింది. రత్నమ్మ ఒకరోజు బట్టలారేస్తూ గోడ మీదుగా ఆ కొమ్మ ఆకులు చూసింది. పసుపుదానికి లాగా రెమ్మకు అయిదు కాదు, ఏడేసి ఉన్నాయి. ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆ సాయంత్రం వాకిట్లో బియ్యం ఏరుతూ తనలో తాను నవ్వుకోవడం మేమందరం చూశాము. ఎందుకో మాకు అప్పుడు తెలియలేదు.

ఆ కొమ్మ పెరిగే కొద్దీ పసుపు కొమ్మలు ఒక్కొక్కటే ఎండాయి. పై ఏడు చలికాలంలో పొడుగు కొమ్మ పూసింది. పసుపు కాదు. చిన్న చిన్న గులాబిరంగు పూలు, గుత్తులుగా.

మునీశ్వరి వీధిలోకి వచ్చి కొంగు నడుముకు చుట్టింది. "నా సెట్టుకు మందు పోసినారమ్మో! రంగే మార్సేసినారు! గోడ పక్కనుండే మహాతల్లికి తప్ప ఇంకెవురికి సెయ్యి అందుతాది?"

ఈసారి కోడీ లేదు, కుక్కా లేదు. రత్నమ్మ నేరుగా బయటికి వచ్చింది.

"ఏమే, నీ సెట్టుకు మందు పోసేంత తీరిక నాకు లేదు. పసుపుది పైన కట్టిన కన్ను. కిందుండేది నాటు రోజా. కింద నుంచి లేసిన కొమ్మను అప్పుడే పీకేసుంటే పైది బతికేది. నువ్వు దానికి కర్ర కట్టి, గుడ్లు పెట్టి మేపినావు. అది పైదాన్ని తినేసింది."

మునీశ్వరి రెండడుగులు ముందుకొచ్చింది. "నీకు ముందే తెలుసునా?"

"ఆకు సూసిన పొద్దే తెలుసు."

"తెలిసీ యాల సెప్పలేదు?"

"గోలీ ఉండలు సేసుకునేదానికి రోజాల సంగతి ఏం తెలుస్తాదిలే అనుకున్నా."

 మందు పోసి ఉంటే రత్నమ్మను తిట్టవచ్చు. ఊరికే చూస్తూ ఉన్నదాన్ని ఏమని తిట్టేది?

రాజగోపాల్ పెరట్లో వెతికితే పసుపు కొమ్మ ఒక్కటి, వేలెడంత పచ్చగా మిగిలి ఉంది. దాని మీద రెండు కళ్ళు. అతను అక్క దగ్గరికి పోయి, "అక్కా, ఎట్లన్నా సేసి బతికీయి" అని బతిమాలాడు.

రత్నమ్మ గోడ దగ్గరికి వచ్చి కొమ్మను చూసింది. "రెండు కళ్ళుండాయి. ఒకటి నీ పెండ్లాం సెట్టుకు కడతా, ఒకటి నా సెట్టుకు కడతా. సరేనంటే కత్తి తెస్తా."

"రెండూ నా సెట్టుకే కట్టాల" అని లోపలి నుంచి మునీశ్వరి అరిచింది. "నా రోజా ఆ పెరట్లో పూసేది నేను సూడాల్నా?"

"అయితే కట్టను పో."

"కట్టొద్దు పో!"

రాజగోపాల్ మూడు రోజులు ఆ గోడకు అటూ ఇటూ తిరిగాడు. కొమ్మ కొననుంచి నల్లబడుతూ వస్తోంది. ఒక కన్ను పోయినా ఒక కన్ను దక్కుతుంది కదా అని మేమూ చెప్పి చూశాము. నాలుగో రోజు పొద్దున మునీశ్వరి కొడవలితో ఆ కొమ్మను కోసి, గోడ మీదుగా విసిరేసింది. "ఇంద, కావాలంటివి గదా! కూరొండుకుని తిను!"

చచ్చిపోయిందనే విసిరింది. తనకు లేనిది ఇంకెవరికీ ఉండదని ఆమె ధైర్యం.

రత్నమ్మ దాన్ని ఏరుకుంది. కొమ్మను తడిగుడ్డలో చుట్టి, పీట వేసుకుని కూర్చుని, తన పెరట్లో నాటు రోజాకు రెండు కళ్ళూ కట్టింది. ఇరవై రోజులకు రెండూ చిగురించాయి. ఆ ఉగాదికి పసుపుపచ్చ రోజా గోడకు అవతల పూసింది.

మునీశ్వరి ఆ వారమే మదనపల్లె నర్సరీకి పోయింది. అక్కడ పసుపు రోజాలు ఉన్నాయి కానీ మనిషెత్తు పెరిగేవి, వెన్నరంగువి. ఆ పొట్టి రకం ఇప్పుడు రావడం లేదన్నారు. నర్సరీ ముసలాయన ఆమెను గుర్తుపట్టి, "కింద కొమ్మ పీకేయాలని సెప్పినా గదమ్మా. నువ్వేమో బస్సు వస్తాండాదని పరిగెత్తితివి" అన్నాడు. ఆమె ఆయన్ను కూడా తిట్టింది. తిట్టి, అక్కడే సాయంత్రం దాకా కూర్చుని, రోజాకు నీళ్ళెప్పుడు, కత్తిరింపెప్పుడు, పువ్వు ఎక్కడ కోయాలి, అన్నీ అడిగి తెలుసుకుని వచ్చింది. తెలుసుకుని పెంచేదానికి మొక్క మటుకు లేదు.

రత్నమ్మ వీధిలో అడిగిన వాళ్ళందరికీ పసుపు పూలు ఇచ్చేది. మునీశ్వరి గుమ్మం ఒక్కటి దాటేసేది. మునీశ్వరి వాకిట్లో కూర్చుని, పువ్వు పెట్టుకుని పోయే ప్రతి ఆడమనిషికీ వినబడేలా, "అది నా సెట్టు" అనేది. అట్లా ఏళ్ళు గడిచాయి.

రెండువేల నాలుగులో శ్వేతకు కుప్పంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు పని దొరికింది. బయల్దేరే రోజు పొద్దున ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా మేనత్త ఇంటికి పోయి, "అత్తా, ఒక పువ్వు పెట్టు" అని వెనక్కి తిరిగి నిలబడింది. రత్నమ్మ పువ్వు కోసి జడలో పెట్టింది.

శ్వేత ఇంటికి వచ్చేసరికి మునీశ్వరి గడపలో ఉంది. పువ్వు చూసింది. చెయ్యి లేచింది. పీకి పారేస్తుందనుకున్నాము. ఆమె పువ్వును పీకలేదు. జడను ఇటు తిప్పి, కాడ చివర చూసింది.

"దీన్ని యాడ కోసింది?"

అంతే, నేరుగా పెరట్లో గోడ దగ్గరికి పోయింది. "వదినా! పదేళ్ళు తోటలో పని సేసినావంట, ఇదేనా కోసేది? మూడాకులుండే కణుపు కాడ కోసినావు! అయిదాకులుండే కణుపు కాడికి దించి కోయాల. ఇట్లయితే ఆ కొమ్మ మళ్ళా యాడ పూస్తాది?"

"జడలో పెట్టేదానికి మూరెడు కాడ యాలనే? నాకు సెప్పొచ్చింది, ఉండే సెట్టును సంపుకున్నామె!"

"సంపుకున్నా! ఇది కూడా సావాల్నా? కత్తెర తే!"

"నా సెట్టు మింద సెయ్యేసినావంటే సూడు!"

కానీ కత్తెర తెచ్చింది. గోడ మీదికి వంగి మునీశ్వరి వేలు చూపిస్తోంది. "ఇంకా కిందికి. ఇంకా. అది కాదు, దాని కింద కణుపు. కండ్లు కనిపించలా?"

రత్నమ్మ కావాలనే దానికి పై కణుపు దగ్గర కోసింది. చూస్తే అక్కడా అయిదాకులే ఉన్నాయి. "ఇది సాల్లే" అనింది.

"సాలదు" అనింది మునీశ్వరి.