పేర్లు రాసేవాడు

రాయ్‌పూర్ శివారు బీర్‌గావ్ బస్తీలో ఇళ్లలోకి వాననీళ్లొచ్చిన ఏడు, అక్కడి స్కూల్లో పెట్టిన శిబిరానికి మా తెలుగువాళ్ల తరఫున సాయానికి వెళ్లాను. బరువులెత్తే పనికి నా నడుము పనికిరాదు కనక, పేర్లు రాసే రిజిస్టరు నేనే అడిగి పుచ్చుకున్నాను. ఫ్యాక్టరీ ఆఫీసులో ఇరవై ఏళ్లుగా రాస్తున్న చెయ్యి. నా దస్తూరీ మీద ఉన్న ప్రేమ తన మీద లేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

పొద్దున్నే ఒకతను నడవలేని తల్లిని వీపున మోసుకొచ్చి దింపాడు. బస్తీలో అందరూ పిలిచే పొట్టి పేరొకటి హిందీలో చెప్పి పక్కకి జరిగాడు. అంతలో తల్లితో తెలుగులో ఏదో అన్నాడు. ఇక నన్నాపేదెవరు? రాయ్‌పూర్‌లో తెలుగు ముక్క చెవిన పడితే చాలు, ఎదుటివాడి పుట్టుపూర్వోత్తరాలు తెలిసేదాకా నాకు తోచదు.

"ఏ ఊరు మనది? ఇంటిపేరేటి?"

"ఎందుకులెండి బాబూ" అన్నాడతను.

"మనలో మనకి మొహమాటం దేనికయ్యా!"

తల్లి మాత్రం సంబరపడిపోయింది. "టెక్కలి దగ్గర నాయనా" అంటూ ఇంటిపేరు, కొడుకు అసలు పేరు, పోయిన మొగుడి పేరు అన్నీ చెప్పింది. అన్నీ రాశాను, గుండ్రంగా.

మధ్యాహ్నం హవల్దార్ శిబిరం చూడ్డానికొచ్చాడు. అతను అడక్కుండానే రిజిస్టరు తెరిచి ముందు పెట్టాను, మెచ్చుకుంటాడని. అతని వేలు ఒక వరస దగ్గర ఆగింది. ఎప్పుడో ఫ్యాక్టరీ గేటు దగ్గర జరిగిన తోపులాట కేసులో వాయిదాలకి వెళ్లనివాళ్ల మీద వారంట్లున్నాయట. నేను రాసిన ఆ కొడుకు పూర్తి పేరు అందులో ఉంది.

"ముసలావిణ్ణి ఎవరు మోస్తారు?" అన్నాను హిందీలో.

"మీరున్నారుగా సాబ్. వారంటున్నవాడు కళ్లెదుట కనబడితే నన్నేం చెయ్యమంటారు?"

అంతకు ముందురోజు దాకా ఆఫీసులో టీ తాగుతూ నేనూ అదే అనేవాణ్ణి, చట్టం అంటే చట్టమే అని. నీళ్లు తీశాక ఇంటికెళ్లి పట్టుకోవచ్చు కదా అని ఇప్పుడైతే వాదిస్తాను. అప్పుడు మాత్రం రిజిస్టరు మూసి పక్కన పెట్టాను. కొడుకు తల్లి మీద దుప్పటి సర్ది, నావైపు చూడకుండా హవల్దార్ వెంట వెళ్లాడు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

కాసేపటికి ముసలావిణ్ణి బాత్రూముకి తీసుకెళ్దామని వంగాను. నడుము పట్టేసింది. ఇద్దరాడవాళ్లు ముందు నన్ను లేపి, తర్వాత ఆవిణ్ణి ఎత్తారు. కొడుకు ఎప్పుడొస్తాడని ఆవిడ నన్నే అడిగింది.

సాయంత్రానికి నీళ్లింకా పెరిగాయి. అయినా వెనక వీధి నుంచి ఒక్కరూ శిబిరానికి రాలేదు. సంగతి అక్కడికి అప్పుడే పాకిపోయింది. పిలుచుకు రావడానికి తాడు పట్టుకుని బయల్దేరినవాళ్లలో నేనూ దూరాను, నడుం నొప్పితోనే. ఓ రేకుల కప్పు మీద మొగుడూ పెళ్లామూ కూర్చుని ఉన్నారు. ఆవిడ చంకలో పసిపిల్ల వణుకుతోంది. ఎంత రమ్మన్నా కదల్లేదు.

"పేర్లు రాసే ఆయన ఇంకా స్కూల్లోనే ఉన్నాడా?" అని ఛత్తీస్‌గఢీలో అడిగింది ఆవిడ.

అందరూ నావైపు చూశారు.

"లేడమ్మా, వెళ్లిపోయాడు" అన్నాను.

అప్పుడు పిల్లని నా చేతికందించింది.