అవ్వ ‘తూ తూ’

పెనుకొండలో మా పక్కింటి అవ్వ రోజూ సాయంత్రం తన పిల్లిని ఒళ్లో పెట్టుకుని, దిష్టి తగలకుండా దాని మొహం మీద ‘తూ, తూ’ అని ఉమ్మేది.

కరోనా రోజుల్లో అవ్వకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. నాలుగో రోజుకు పిల్లి కూడా తుమ్మసాగింది, పాలు ముట్టలేదు.

“ఏమప్పా, నా రోగం దానికీ అంటుకున్యాదా? పశువుల డాక్టర్ని అడుగు” అంది కిటికీలోంచి.

ఫోన్ చేశాను. మనుషుల నుంచి పిల్లులకు సోకవచ్చనీ, చాలావాటికి తగ్గిపోతుందనీ, దాన్ని వేరుగా ఉంచమనీ ఆయన చెప్పాడు.

“దిష్టి తీస్తాండాననుకుంటి గదప్పా! దాని మొగాన రోగం ఉమ్మితినే!”

తువ్వాల్లో చుట్టిన పిల్లిని తలుపు సందులోంచి చాపింది. అందుకోవడానికి నాకు చేతులు రాలేదు. అవ్వ చేతులు మాత్రం చాపినవి చాపినట్టే ఉన్నాయి. చివరికి తీసుకున్నాను.

పిల్లి మా కట్టెల గదిలో ఉన్నన్నాళ్లూ అవ్వ కిటికీ వదల్లేదు. “తిన్యాదా?” అదొక్కటే ప్రశ్న. తన జ్వరం మాటే ఎత్తలేదు.

ఇద్దరూ కోలుకున్నాక పిల్లిని ఆమె ఒళ్లో పెట్టాను. అలవాటుగా పెదాలు ముందుకొచ్చి, ఆగిపోయాయి. మొహం తిప్పుకుని, జడుసుకున్నవాళ్లు చేసినట్టు, తన ఎదమీదే ‘తూ, తూ’ అని ఉమ్ముకుంది.