ఏడు సీసాల కాలువ నీళ్లు

నేను కాలేజీ ల్యాబులో అటెండర్ని. నేను దొంగచాటుగా ఇచ్చిన ఏడు ల్యాబు సీసాల్లో ఈ రోజు బీఎస్సీ రెండో ఏడాది మంగ కాలువ నీళ్లు పట్టుకొచ్చింది. వాళ్ల నాన్న వలలో వారంగా చచ్చిన చేపలే పడుతున్నాయట. ఎందుకో పరీక్ష చేసి తెలుసుకోవాలని దాని పట్టుదల.

లెక్చరర్ గారు సీసాల వంక చూడనైనా లేదు.

"పరిశోధనలు ఎమ్మెస్సీ అయ్యాక చేద్దువుగానిలే. ముందు రికార్డు రాసుకో అమ్మా."

"అప్పటిదాకా చేపలు ఆగుతాయాండీ?" అంది మంగ.

ఆయన నాకేసి తిరిగి, "ఆ సీసాలు కడిగి పెట్టవయ్యా, రేపు ప్రాక్టికల్సున్నాయి" అన్నారు.

మంగ చూస్తుండగానే ఏడూ కడిగేశాను. ఒకప్పుడు ఆయన సొరుగులో బతికున్న కప్పను పెట్టిన ఘనుణ్ణి, ఇవాళ ఒక్క సీసా కూడా దాచలేకపోయాను. ఉద్యోగం గుర్తొచ్చింది. నన్ను తిట్టాలనుంటే మొహమాటపడకండి, తిట్టేయండి.