తిరుచానూరులో నీలకవచుడి పాఠకులు

ఐరాల నుంచి తొలి బస్సుకే వస్తానన్న గోవిందు మాట తప్పలేదు. ఏడుంపావుకు నేను చిత్తూరు బస్టాండు చేరేసరికి, ఉతికిన చొక్కా వేసుకుని టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"పెండ్లికి పిల్చినట్టు పిల్చినావే, టిఫినన్నా పెట్టిస్తావా?" అన్నాడు నన్ను చూడగానే.

ఇడ్లీ, చెనక్కాయల చట్నీ తిన్నాం. ఆ వేళకు తిరుపతి బస్సులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, నిలబడి పోవలసిన పని లేదు. ఎనిమిది లోపే కిటికీ పక్క సీటు దొరికింది.

ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. మా చిన్నప్పుడు నెలకొకటి వచ్చే బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. అందులో వీరుడి పేరు నీలకవచుడు. ఒంటికి నీలిరంగు ఇనుప కవచం, వరదకు ఎదురీదే బలం, తక్కువ మాటలు. ఆ పుస్తకం ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది. దాని పాత పాఠకులు కొందరు ఫోన్లో ఒక గుంపుగా చేరి, తిరుచానూరులో లాడ్జి హాలు తీసుకుని ఒక పూట కలుస్తున్నారని తెలిసింది. షరతు ఒక్కటే: వచ్చినవాళ్ళు ప్రతి ఒక్కరూ లేచి, ఎప్పుడు చదవడం మొదలుపెట్టారో, ఎప్పుడు మానేశారో చెప్పాలి.

నేను బయల్దేరింది గోవిందు కోసం. మా తరగతిలో అందరికంటే బాగా చదివేవాడు వాడు. బొమ్మలో మూలన నిలబడ్డ మనిషి కూడా వాడి కంటికి తప్పేవాడు కాదు. నీలకవచుడు చనిపోయిన నెలలో వాడు చదవడం మానేశాడు. ఆ ఒక్క పుస్తకమే కాదు, పరీక్షలకు తప్ప ఇంకే పుస్తకమూ తెరవలేదు. నేను ఎదురుదారి పట్టాను. పదో తరగతితో బడి ఆపి ఇనుప సామాన్ల కొట్లో చేరినా, సాయంత్రాలు శాఖా గ్రంథాలయంలో కూర్చుని అక్కడి బీరువాలు వరసగా చదువుకుంటూ పోయాను. చరిత్ర, నవలలు, ఖగోళం, మూలికా వైద్యం, ఏదీ వదల్లేదు. డిగ్రీలున్నవాళ్ళతో వాదనకు దిగి నెగ్గిన రోజులున్నాయి. అయితే నా చేతికి మొదట పుస్తకం అందించినవాడు గోవిందు. మళ్ళీ వాడి చేతిలో ఒక పుస్తకం పెట్టాలని నా కోరిక.

పూతలపట్టు దాటాక పక్క సీటు పెద్దాయన పలకరించాడు. పలమనేరు నుంచి వస్తున్నాడట.

"కొండకేనా అప్పా?"

"కాదు, తిరుచానూరుకు," అన్నాను.

"అమ్మవారికా?"

"కాదు పెద్దాయనా. చిన్నప్పుడు చదివిన బొమ్మల బుక్కు ఒకటి ఉండాది. దాని గురించి మీటింగు."

ఆయన మా ఇద్దరి నెరిసిన మీసాలూ చూశాడు. "ఆడ లోను గీను ఏమన్నా ఇస్తారా?"

"ఇయ్యరు."

"మరి పోయేదెందుకు?"

గోవిందు నన్ను మోచేత్తో పొడిచి, "చెప్పు రా, లైబ్రరీ అంతా తిన్నోడివి కదా," అన్నాడు. చంద్రగిరి కోట కనిపించేదాకా ఇద్దరూ నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు.

పది దాటాక తిరుపతిలో దిగి, షేర్ ఆటో ఎక్కాం. కాళ్ళ దగ్గర పూలబుట్టలు పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు మా ఎదురుగా కూర్చున్నారు. వెళ్ళదలచుకున్నవాళ్ళకు ఒక మాట: ఆటోవాళ్ళు తమకు కమీషనిచ్చే లాడ్జికే తీసుకుపోతారు, పెద్ద రోడ్డు మీదే దిగి నడవడం మేలు.

హాలు మేడ మీద ఉంది. వచ్చినవాళ్ళు పదిహేను మందికి మించరు. ఏర్పాట్లు చేసినాయన మధు, తిరుపతిలో బ్యాంకు ఉద్యోగి. గోడకు నీలకవచుడి బొమ్మ పెద్దది చేసి తగిలించాడు. కాఫీ ఇచ్చి, కుర్చీలు గుండ్రంగా వేయించి, వరసగా చెప్పమన్నాడు.

మొదట లేచినాయన, "నాకు మీసాలొచ్చినాయి. మా నాయన సూసి, ఇంకా బొమ్మలేంది రా అన్నాడు. ఆ పొద్దే మానేసినా," అన్నాడు.

"మీకు మీసాలొచ్చినాయి, నీలకవచుడికి కుక్క వచ్చింది సార్," అన్నాడు పక్కనున్నాయన. "కుక్క మాట్లాడే కాడికి నేను మానేసినా."

అందరూ పడిపడి నవ్వారు. కుక్క సంగతి నేను ఎరగను. మాకంటే ముందు వచ్చిన సంచికల్లో ఏదో అనుకుని ఊరుకున్నాను.

తర్వాత రేవతమ్మ లేచింది. పులికాట్ గట్టున ఒక జాలర్ల ఊరు ఆమెది. "మా నాయన రొయ్యలు అమ్మేదానికి పోయినప్పుడు తెచ్చేవాడు. కాలిరిగి ఇంట్లో కూచున్నాక తెచ్చేవాళ్ళు లేరు. అంతటితో ఆగిపోయింది. ఉన్నవాటినే తిప్పి తిప్పి చదువుకున్నా," అంది. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి ఉంది. ఆమె పుస్తకాలు అందులో ఉన్నాయి.

గోవిందు వంతు వచ్చింది. నా వంతు ఆ వెనక. నేను చెప్పవలసింది ముందే తయారు చేసుకున్నాను: తన వీరుణ్ణి నిజంగా చంపేసే ధైర్యం చేసిన బొమ్మల పుస్తకం ఇదొక్కటేననీ, అందుకే ఇది మిగతావాటికంటే గొప్పదనీ. ఇంటి దగ్గర చాలామందికి చెప్పి ఒప్పించిన మాటే.

గోవిందు నిలబడి, చేతులు కట్టుకున్నాడు.

"ఆరో తరగతిలో మొదలుపెట్టినా. చిత్తూరు బస్టాండు కాడ నాగయ్య అని, బుక్కులు అద్దెకిస్తా ఉండె. మేమంతా ఆడనే. మానేసింది నీలకవచుడు సచ్చిపోయినప్పుడు. ఆనకట్ట తలుపు వాని మీద పడి నీళ్ళలో మునిగిపోతాడు. ఊరంతా గట్టున నిలబడుకోని ఉంటారు. వాళ్ళమ్మ ఒక్కతే కూచోని ఉంటాది. అంతే, అయిపోయింది. పదకొండో రోజు గుండు కొట్టించుకున్నా. ఇంట్లో అడిగితే కొండకు మొక్కుకున్నా అని చెప్పినా. మా యమ్మ, నా కొడుక్కి ఎంత బక్తి అని వీధంతా చెప్పుకునింది. ఆ పైన ఇంక నాకు ఏమి చదవాలన్నా బుద్ధి పుట్టలేదు."

మధు మెల్లగా అడిగాడు.

"ఎప్పుడు చచ్చిపోయాడు సార్?"

"ఇప్పుడే కదా చెప్తిని. ఆనకట్ట కాడ."

"దాని తర్వాత ఇంకా కొన్నేళ్ళు వచ్చింది కదా పుస్తకం!"

రేవతమ్మ అప్పటికే సంచిలోంచి ఒక సంచిక తీసి తిప్పుతోంది. "సచ్చిపోలేదన్నా. తర్వాత పేజీలో చెయ్యి పైకొస్తాది, సూడు."

చూశాం. గట్టున తల్లి కూర్చున్న పేజీ మా ఇద్దరికీ కంఠతా వచ్చు. దాని వెనక ఇంకో కాగితం ఉంది. ఆ కాగితం మేం ఎన్నడూ చూడలేదు. ఒక వైపు, నీళ్ళలోంచి పైకి లేచిన నీలిరంగు చెయ్యి. కింద "ఇంకా ఉంది". రెండో వైపు, కత్తిరించి పంపితే బహుమతి ఇస్తామన్న కూపను.

కూపను చూడగానే నాకు అర్థమైంది. అద్దెకు తీసుకున్న పిల్లలు కూపన్లు కత్తిరించి పుస్తకాలు పాడు చేస్తున్నారని, నాగయ్య కొత్త సంచిక రాగానే ఆ చివరి కాగితం తనే చింపేసి, మందపాటి అట్ట వేసి కుట్టి ఇచ్చేవాడు. ప్రతి నెలా కూపను వెనక ప్రకటనే ఉండేది కాబట్టి ఎవరికీ నష్టం లేకపోయింది. ఆ ఒక్క నెల కథ ఉంది. వీరుడు పోయాడని మేం కొట్టుకు పోవడం మానేశాం. అడిగేవాళ్ళు లేరని ఆయన తెప్పించడం మానేశాడు. చిత్తూరులో నీలకవచుడు అలా చచ్చిపోయాడు.

ఇదంతా నేను పైకి చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. హాలు ఒక్కసారిగా ఘొల్లుమంది. "గుండు సార్, గుండు!" అంటూ మీసాలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "బతికుండే మనిషికి కర్మ చేసేసినారు కదప్పా!" అన్నాడు ఇంకొకాయన. ఎగతాళి చెయ్యాలని కాదు, వాళ్ళకు నిజంగానే నవ్వొచ్చింది. గోవిందు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా మొదలుపెట్టి, అందరికంటే ముందు ఆపేశాడు.

మధు నా వైపు తిరిగి, "మీరెప్పుడు మానేశారు సార్?" అన్నాడు.

"వీడితోపాటే," అని కూర్చున్నాను.

భోజనం సాంబారన్నం, పెరుగన్నం, అప్పడం. మనిషికి నూట యాభై ముందే కట్టాం, ఆ డబ్బుకు తగ్గట్టే ఉంది. గోవిందు సగంలో లేచి చేతులు కడుక్కుని రేవతమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఆ తర్వాతవి ఉండాయా మా?"

"ఆరు ఉండాయన్నా. తీస్కపో. చదివినాక ఈ అన్నతో పంపించు." నా వైపు చూపిస్తూ సంచి వాడి చేతికిచ్చింది.

సిగ్గుతో కుంగిపోయి ఉన్న నాకు ప్రాణం లేచి వచ్చింది. ఏ దారినైతేనేం, వాడు పుస్తకం అడిగాడు.

నాలుగింటికి తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ఎక్కాం. బస్సు కదలకముందే గోవిందు మొదటి సంచిక తెరిచాడు. వరస కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, చిన్నప్పుడు చదివినట్టే చదువుతున్నాడు. కండక్టరు రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదు. టిక్కెట్లు నేను తీసుకున్నాను. ముందు సీట్లో కొత్త గుండ్ల మీద గంధం పూసుకున్న కుటుంబం ఒకటి ఉంది. అందులో ఒకావిడ వెనక్కి తిరిగి, "ఏం బుక్కు సామీ, తల ఎత్తకుండా చదవతా ఉండాడు?" అని నన్ను అడిగింది. "మంచి బుక్కమ్మా," అన్నాను గర్వంగా. వాణ్ణి కదిలించకూడదని మామిడి తోటలు చూస్తూ కూర్చున్నాను. గ్రంథాలయం నుంచి వాడికి మొదట ఏం తెచ్చివ్వాలి, దాని తర్వాత ఏది, మనసులో వరస పెట్టుకుంటున్నాను.

పూతలపట్టు వచ్చేసరికి వెలుతురు తగ్గింది. వాడు ఆఖరి సంచిక మూశాడు.

"ఎట్ల ఉండాది?" అన్నాను.

"వాళ్ళమ్మ యాడ రా?"

"ఎవురమ్మ?"

"నీలకవచుడి యమ్మ. గట్టున కూచోనుండె కదా. వీడు ఒడ్డుకొచ్చినాడు, కుక్కను తెచ్చుకున్నాడు, మోటరుసైకిలెక్కినాడు, చంద్రమండలానికి గూడా పోయొచ్చినాడు. ఆరు బుక్కులు, ఒక్క బొమ్మలో ఆమె లేదు. నేను బతికే ఉండా అని ఒక్క మాట పోయి చెప్పలేదు రా ఆమెకి. గట్టున కూచోబెట్టి మర్సిపోయినారు."

"రాసేవాళ్ళు మారిపోయింటారు లే."

"మారితే నాకేమి? సచ్చినోడు అని ఇన్నేండ్లు గౌరవంగా పెట్టుకోనుంటిని. వీడా వాడు?"

నేను మాట్లాడబోతే కిటికీ వైపు తిరిగాడు.

ఆరుంపావుకు చిత్తూరులో దిగాం. ఐరాల బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. సంచి నా చేతికిచ్చి, "ఆయమ్మకు జాగ్రత్తగా పంపించు. పాపం, మనసు పెట్టి ఇచ్చింది," అన్నాడు.

"లైబ్రరీలో మంచివి శానా ఉండాయి రా. నేను తెచ్చిస్తా," అన్నాను.

"అన్నీ చదివినావే. సచ్చినోడు సచ్చినట్టే ఉండే బుక్కు ఒకటన్నా ఉండాదా?"

ఉన్నాయి. పేర్లు నాలుక చివరికి వచ్చాయి. అంతలోనే ఆ పుస్తకాలు కళ్ళ ముందు కదిలాయి: కుట్లు ఊడినవి, అట్టలు మార్చినవి, చివరి కాగితాలు ఎవరో చింపుకుపోయినవి. వాటిలో చాలావాటిని అక్కడితో అయిపోయిందనుకునే మూసేశాను. ఒక్క పేరు కూడా గట్టిగా చెప్పలేకపోయాను.

"వద్దులే రా," అని గోవిందు బస్సెక్కాడు.

తిరుచానూరు వాళ్ళు మళ్ళీ కలుస్తారట. నీలకవచుణ్ణి ఎరిగినవాళ్ళు వెళ్ళవచ్చు. మనుషులు మంచివాళ్ళు, ఒక్క పగటిలో పోయి రావచ్చు, ఖర్చు పెద్దగా కాదు. నేను మాత్రం ఇక వెళ్ళను. గోవిందు చేతిలో ఒక పుస్తకం పెడదామని తీసుకుపోయాను. వాడు ఇన్నేళ్ళుగా మనసులో చదువుకుంటూ ఉన్న ఒక్క పుస్తకాన్నీ లాక్కుని ఇంటికి పంపాను.