నల్ల చీటీ వసంతమ్మ

మా దవాఖాన పేరు రాయను. రాస్తే రేపు పొద్దున్నే నన్ను పిలిచి వివరణ అడుగుతారు. ఇరవై ఏళ్లుగా వివరణలు రాసి రాసి నాకు విసుగొచ్చింది. మొయినాబాద్‌కూ చేవెళ్లకూ మధ్య, మెయిన్ రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుందంటే చాలు. నేను అక్కడ ఫార్మసిస్టును, పేరు వేణుమాధవ్. మాది చేవెళ్లలో కిరాణా కొట్టు కుటుంబం. కొట్లో కూర్చోవడం ఇష్టం లేక వచ్చి ఈ కిటికీ వెనక కూర్చున్నాను. ఇక్కడైనా నువ్వు కట్టేది పొట్లాలే కదా అని మా నాన్న ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటారు.

చెప్పాలనుకున్నది మా దవాఖాన ఊడ్చే వసంతమ్మ గురించి. ఆమె పుట్టిల్లు ముడిమ్యాల, అత్తగారిల్లు కనకమామిడి. భర్త సంగయ్య ఉన్న రెండెకరాలూ అమ్మేసి, ఆ రెండెకరాల్లో లేచిన ఫామ్‌హౌస్‌కే వాచ్‌మన్‌గా చేరాడు. తన బావి నీళ్లు తాగడానికి ఇంకొకరి గేటు తీయాల్సి వచ్చిందని మొదట్లో ఏడ్చాడట, తర్వాత అలవాటు పడిపోయాడు. వసంతమ్మ మాత్రం ఆ గేటు తొక్కలేదు. కాంట్రాక్టు మీద మా దవాఖానలో పనికి కుదిరింది. ఆమె వరండా తుడుస్తుంటే చెప్పులతో నడవడానికి డాక్టర్లకు కూడా జంకే. ఒకసారి సర్పంచి తమ్ముడు బురద కాళ్లతో వస్తే నిలబెట్టి కడిగేసింది. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని సూది వేయించుకుని పోయాడు.

ఆరేళ్ల కిందట మా దవాఖానకు మాక్ డ్రిల్ వచ్చింది. పట్నం పక్కనే ఉన్నాం కదా, ఎవడైనా విషవాయువు వదిలినా, యుద్ధంలో వాడే రసాయనాలు పడినా, చుట్టుపక్కల దవాఖానలన్నీ సిద్ధంగా ఉండాలట. ఒక లారీ, రెండు జీపులు వచ్చాయి. తెల్ల సూట్లు, ముక్కుకు గొట్టాలున్న మాస్కులు, నీళ్లు జల్లే డేరా దించారు. అన్నీ ఉన్నాయిగానీ రోగులు లేరు. నిజం రోగులను ఎండలో పడుకోబెట్టకూడదు కాబట్టి సిబ్బందినే పడుకోమన్నారు. పడుకున్న వాళ్ల మెడలో రంగు చీటీలు వేశారు. వెంటనే చూడాల్సిన వాళ్లకు ఎర్రది, కాసేపు ఆగగలిగిన వాళ్లకు పసుపుది, నడవగలిగిన వాళ్లకు ఆకుపచ్చది. ఇక చూసి లాభం లేని వాళ్లకు నల్లది.

నల్ల చీటీ వేయించుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. నర్సు ప్రేమమ్మ దేవుణ్ణి తలుచుకుని వెనక్కి జరిగింది. డ్రైవర్ ఆంజనేయులుకు ఆ రోజు శనివారమని గుర్తొచ్చింది. వసంతమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చింది.

"ఇటియ్యుండ్రి. చీటీ ఏస్తే పాణం పోతదా?"

అరగంట ఎండలో కదలకుండా పడుకుంది. ముఖం మీద ఈగ వాలినా రెప్ప ఆడలేదు. వచ్చిన ఆఫీసరు తెగ మెచ్చుకున్నాడు. అప్పటి నుంచి ఏటా చచ్చే పని ఆమెదే అయింది. "ఎన్నోసారి అవ్వా?" అని నేను ఆటపట్టిస్తే, "నాలుగోసారి సారు. ఈసారి జర మంచిగ సస్త" అనేది.

డ్రిల్లులో పడుకున్న వాళ్లకు మధ్యాహ్నం బిర్యానీ పొట్లం ఇస్తారు. ఆమె దాన్ని విప్పేది కాదు, కోడలు కవితకు పట్టుకుపోయేది. కవిత కనకమామిడి పక్కన పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ కప్పు కింద పూలు పెంచే షెడ్డులో, కూలికి పోయేది. మహా సిగ్గరి. మందుల కోసం నా కిటికీ దగ్గరికి వచ్చినా కొంగు నిండుగా కప్పుకుని, తల దించుకునే మాట్లాడేది. అలాంటి పిల్ల ఒకరోజు తల దించుకునే, "మా అత్త సచ్చి బిర్యానీ తెస్తది సార్, నేను కూసోని తింట" అంది. వెనకాల వసంతమ్మ చీపురు ఆపి పకపకా నవ్వింది. అత్తాకోడళ్లు అలా ఉండడం చూస్తే నాకు కొంచెం కుళ్లుగా కూడా ఉండేది. మా ఇంట్లో ఆ భాగ్యం లేదు.

రెండో ఏడు డ్రిల్లులో ఆఫీసరు మైకు పట్టుకుని వివరించాడు. యుద్ధంలో వాడే కొన్ని విషాలూ, మనం పంటలకు కొట్టే కొన్ని మందులూ ఒకే జాతివట. ఒంటికి అంటితే ముందు బట్టలు తీసేయాలి, సగానికి పైగా విషం బట్టలతోనే పోతుంది. తర్వాత సబ్బు నీళ్లు. ఆ తర్వాతే దవాఖాన లోపలికి. లేకపోతే లోపలి వాళ్లకూ అంటుకుంటుంది. ఇదంతా చెప్తుంటే నేల మీద నల్ల చీటీతో పడుకున్న వసంతమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఆడోళ్లం యాడ తియ్యాలె సార్? మీ డేరాకు ముందట తలుపు లేదు, ఎనక తడక లేదు."

"ఇది డ్రిల్ కదమ్మా. తీసినట్టే అనుకోవాలి" అన్నాడు ఆఫీసరు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పరిశీలన కాగితం పట్టుకునే పని నాది. 'బట్టలు తొలగించారా' అన్న గడిలో టిక్కు పెట్టాను. ప్రతి ఏడూ అంతే. ఆఫీసరు "తీసినట్టే" అంటాడు, మేమంతా "తీసినట్టే" అంటాం, చీరల మీదనే నాలుగు చెంబులు నీళ్లు చల్లుతాం, నేను టిక్కు పెడతాను. సాయంత్రానికి డేరా లారీ ఎక్కి వెళ్లిపోతుంది. మాకు గేటు దగ్గర ఒక ఫ్లెక్సీ మిగులుతుంది. రసాయనం సోకిన వారిని బయటే శుభ్రం చేయాలని దాని మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది.

పోయిన ఏడు శ్రావణమాసానికి వారం ముందు. పూలకు గిరాకీ పెరిగే రోజులు. పాలీహౌస్‌లో మందు కొట్టే మనిషి ఆ పూట రాలేదని మేస్త్రీ పంపు తీసి కవిత వీపుకు తగిలించాడు. దాని మూత సరిగ్గా బిగుసుకోదట, ఆ సంగతి అందరికీ తెలుసట. లోపల ఉక్కకు వీపు మీద చల్లగా కారుతుంటే కవిత అది చెమట అనుకుంది. గంట తర్వాత కళ్లు మసకబారాయి. నోటి వెంట సొంగ మొదలైంది. ఆమెనూ, తల తిరుగుతున్నదన్న ఇంకో ఇద్దరినీ ట్రాలీ ఆటోలో వేసుకుని పదకొండింటికి మా దగ్గరికి తెచ్చారు.

డాక్టర్ సాయిశ్రీ మాకు కొత్త. వచ్చి మూడు నెలలు కూడా కాలేదు, ఒక్క డ్రిల్లూ చూడలేదు. కానీ చురుకైన పిల్ల. కవిత రెప్ప ఎత్తి చూసి, "పురుగుల మందే. వేణు సార్, అట్రోపిన్ ఎంత ఉంటే అంత తీయండి" అంది. ఫ్లెక్సీ వైపు చూసి వసంతమ్మతో, "బట్టలన్నీ తీసేసి సబ్బుతో మంచిగ కడుగు. వెంటనే లోపటికి తేవాలె" అని చెప్పి, బెడ్డు సిద్ధం చేయడానికి లోపలికి పరుగెత్తింది.

ఆ విషానికి విరుగుడు అట్రోపిన్ నా దగ్గర కావలసినంత ఉంది. సూదులున్నాయి. బోరు నల్లాలో నీళ్లున్నాయి. లేనిదల్లా నాలుగు గజాల గుడ్డ అడ్డం. పది అడుగుల దూరంలో కాన్పుల గది ఖాళీగా ఉంది, అందులోకి తీసుకుపోయి తలుపు వేసుకోవచ్చు. అది నాకు ఇప్పుడు తోస్తోంది. అప్పుడు ఎవరికీ తోచలేదు. ఏళ్ల తరబడి బయటే కడగడం నేర్చుకున్న వాళ్లం మేము.

నల్లా గేటు పక్కనే. ఎదురుగా చాయ్ హోటల్. ఆటో వెంట వచ్చిన వాళ్లు, చాయ్ గ్లాసులతో లేచి వచ్చిన వాళ్లు, అందరూ కలిసి ముప్పై మంది మగవాళ్లు చుట్టూ నిలబడ్డారు. కొందరి చేతుల్లో ఫోన్లు.

"జర అటు మల్లుండ్రి నాయినా. మీ ఇండ్లల్ల ఆడోళ్లు లేరా?" అని వసంతమ్మ బతిమాలింది. సర్పంచి తమ్ముణ్ణి కడిగేసిన గొంతు కాదది. సగం మంది తిరిగారు. ఆమె కవిత చీర కుచ్చిళ్ల మీద చెయ్యి వేసింది. చూపు ఆనని ఆ పిల్ల, ఊపిరందని ఆ పిల్ల, రెండు చేతులతో కొంగు పట్టుకుంది.

"వద్దు అత్తా. అందరున్నరు."

"నా బిడ్డవు గదా, ఇడువు. ఇది ఇప్పకుంటె పాణం మీదికొస్తది."

అప్పుడే ఆమె కొడుకు జగదీశ్ బండి మీద వచ్చాడు. వచ్చీ రావడమే తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "ఏం జేస్తున్నవే అవ్వ? ఇంతమంది ముందట నా పెండ్లాం చీరె ఇప్పుతవా? నీళ్లు పొయ్యి, సాలు" అంటూ తన అంగీ విప్పి కవిత మీద కప్పాడు. పిల్లవాడు భయంతో బండికి స్టాండు కూడా వేయలేదు. వాణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

వసంతమ్మ నీళ్లు పోసింది. చీర మీద, జాకెట్టు మీద, కొడుకు అంగీ మీద, బకెట్ వెనక బకెట్. తడిసిన కొద్దీ ఆ బట్ట ఒంటికి ఇంకా కరుచుకుంటుందని ఆమెకు తెలుసు. తర్వాత దుప్పటి మెడ దాకా చుట్టి స్ట్రెచర్ మీదికి ఎక్కించారు. గుమ్మం దగ్గర డాక్టరమ్మ మందెక్కించిన సిరంజితో నిలబడి అడిగింది.

"బట్టలు తీసినారా?"

"తీసినట్టే మేడమ్" అంది వసంతమ్మ.

నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. దుప్పటి కింద నుంచి చీర కుచ్చిళ్లు వేలాడుతూ నీళ్లు కారుతున్నాయి. నేను నోరు తెరవాల్సింది. కానీ ఆ మాట నాకు తప్పుగా వినపడలేదు. ఏళ్ల తరబడి విని విని చెవికి అలవాటైన మాట. డాక్టరమ్మ దుప్పటి బయట ఉన్న చెయ్యి పట్టుకుని సూది గుచ్చింది. ఇంతలో మిగతా ఇద్దరూ వాంతులు మొదలుపెట్టారు.

మందు పనిచేసింది. నోరు పొడిబారింది, ఊపిరి తేలికైంది. "అత్తా, దూపయితున్నది" అంది కవిత. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. వెంటిలేటర్ ఉన్న చోటికి పంపడం మంచిదని అంబులెన్సు ఎక్కించాం. దారిలో మళ్లీ సొంగ మొదలైందట. పట్నం దవాఖానలో దుప్పటి లాగిన నర్సు, "ఈ చీర పొద్దుటి నుంచి ఒంటి మీదే ఉన్నదా?" అని అడిగిందట. కత్తెరతో కోసి తీశారు. నాలుగో రోజు పొద్దున కవిత చనిపోయింది.

డాక్టరమ్మ నన్ను పిలిచి అడిగింది, మీరు చూశారా సార్ అని. లేదు మేడమ్, లోపల మందులు తీస్తున్నాను అన్నాను. అది అబద్ధమని ఈ కాగితం మీద తప్ప ఇంకెక్కడా ఒప్పుకోలేదు.

దినాలయ్యాక వసంతమ్మ పనిలోకి వచ్చింది. చెప్పులతో ఎవరు నడిచినా ఏమీ అనడం లేదు. ఒక మధ్యాహ్నం జనం పల్చబడ్డాక నా కిటికీ కింద కూర్చుంది.

"ఇప్పాలె అని నాకెరుకే సారు. కొడుకు చెయ్యి పట్టిండు, సరే. కనీసం మేడమ్‌కన్న తియ్యలే అని చెప్తే, ఆమె లోపట తీస్తుండె. నా నోటెంబడి అదే మాట ఎందుకొచ్చింది?"

"నీ తప్పు కాదు అవ్వా" అన్నాను.

"మరెవలది?"

ఉత్తగానే మాత్రల డబ్బాలు సర్దాను.

ఆ చలికాలంలో ఆమె నాలుగు పాత చీరలు రెండు పొరలుగా కుట్టి, పైన తాడు దూర్చి, ఇంత పెద్ద పరదా తయారుచేసింది. నల్లా పక్కన రెండు వెదురు బొంగులు పాతింది. "ఆడోళ్లను తెస్తే ఇది కట్టుండ్రి. డ్రిల్‌కు గూడ కట్టుండ్రి" అని పరదా మడతపెట్టి నా చేతికిచ్చింది. దాన్ని నేనే స్టోర్ గదిలో పెట్టాను.

ఈ ఏడు డ్రిల్లు మార్చిలో వచ్చింది. ఆ రోజు ఎండ మండిపోతోంది. పెద్దలు కూర్చునే కుర్చీల మీదికి నీడ కావాలని ఎవరో స్టోర్‌లోంచి పరదా తెచ్చి కట్టేశారు. నేను చూశాను. చెప్పబోయాను. అప్పటికే వాళ్లు కూర్చున్నారు.

నల్ల చీటీ ఎవరికని ఎవరూ అడగలేదు. వసంతమ్మ ఈసారి రాదేమో అనుకున్నాను. వచ్చింది. "నేను పండకుంటె ఇంకో ఆడిపిల్లను పండవెడ్తరు సారు" అంది. నేల మీద పడుకుని, తన చీరల నీడలో కూర్చున్న వాళ్లను కాసేపు చూసి కళ్లు మూసుకుంది.

ఆఫీసరు మైకులో ఒక్కో అంచె చెప్తున్నాడు. "బట్టలు తొలగింపు. తీసినట్టే."

"తియ్యలే సార్" అంది వసంతమ్మ.

ఆమె లేవలేదు, పడుకునే ఉంది. "చీరె ఒంటి మీదనే ఉన్నది. వచ్చి చూడుండ్రి."

ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. మెల్లగా, నవ్వుతూనే చెప్పాడు. "అమ్మా, నువ్వు చనిపోయినవు కదా. నల్ల చీటీ వాళ్లు మాట్లాడొద్దు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వసంతమ్మ తల నా వైపు తిప్పింది. నా చేతిలో ఏముందో ఆమెకు తెలుసు.

"సారూ, ఆ గడి ఒక్కటి ఖాళీగ ఇడువు."

"కానీయండి, టైం అవుతోంది" అన్నాడు ఆఫీసరు.

నేను టిక్కు పెట్టాను.