వీపుకు అంటని సున్నం

మా చిన్నప్పుడు బూర్గంపాడులో మా ఇంటికొచ్చిన చుట్టాలు గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళు... లేచి వెళ్ళేటప్పుడు మా గోడను కాస్త వీపు మీద మోసుకెళ్ళేవాళ్ళు.

సున్నం వేసేది నాన్న మరి. ఆయనకు అన్నిట్లో తొందరే. కలిపామా, పూశామా, చేతులు కడిగామా... అంతే. ఒక దసరాకు తల్లాడ నుంచి మేనమామ, అత్తయ్య వచ్చారు. అత్తయ్య కొత్త వంగపండు రంగు చీర వెనకంతా తెల్లగా అయింది. ఆ సంగతి ఆవిడ తల్లాడంతా చెప్పి నవ్వించిందని తెలిసి అమ్మకు తల కొట్టేసినట్లయింది.

మరుసటేడు వానాకాలంలో గోదావరి ఇంట్లోకి వచ్చి పోయింది. గోడల మీద మోకాలెత్తున బురద చార మిగిలింది. దసరాకు మళ్ళీ వస్తామని అత్తయ్య వాళ్ళు కబురు చేశారు. అమ్మ కొంగు బిగించింది... ఈసారి కుంచె ముట్టుకోవద్దని నాన్నకు ఖరాకండిగా చెప్పేసింది. నువ్వేసిన సున్నం ఎన్నాళ్ళుంటుందో చూస్తానని నాన్న ఎగతాళి చేశాడు.

అడవి నుంచి బంక తెచ్చి ఊళ్ళో అమ్మే ముత్తమ్మే అమ్మకు గురువు.

"బంక లేకుంటే గోడ సున్నాన్ని పట్టుకోదమ్మా. పొడి గోడ మీద ఎయ్యకు, ముందుగాల నీళ్ళు తాపు" అంది.

నేనూ అమ్మా పాత పెచ్చులన్నీ ఇనుప రేకుతో గీకాం. గుంటలు పూడ్చాం. బురద తడి ఆరేదాకా ఓపిక పట్టాం... కుండలో సున్నపు రాళ్ళు కుతకుత ఉడుకుతుంటే అమ్మ నన్ను దగ్గరికి రానివ్వలేదు. పాత చీరలో వడగట్టి, నానిన తుమ్మ బంక, చిటికెడు నీలిమందు కలిపింది. గోడ మీద నీళ్ళు చిలకరించి, ఈత మట్ట కుంచెతో మూడు పూతలు వేసింది. ఒకటి ఆరాకే ఇంకొకటి.

దసరా నాడు అత్తయ్య వచ్చింది. గోడ వంక ఒకసారి చూసి, చీర సర్దుకుని, చాప మధ్యలో కూర్చుంది... అమ్మ ముఖం చిన్నబోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

నాన్న ఏమనుకున్నాడో... లోపలికెళ్ళి ముదురు నీలం చొక్కా తొడుక్కొచ్చాడు. గోడకు ఆనుకుని, వీపు గట్టిగా రుద్ది, లేచి అత్తయ్యకు చూపించాడు. చొక్కా మీద ఒక్క మరక లేదు.

"చెల్లె, ఈసారి సున్నమేసింది మీ వదిన. నా అసొంటిది కాదు. ఆనుకో."

అత్తయ్య నవ్వేసి, మెల్లగా జరిగి ఆనుకుంది. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని కబుర్లు చెప్పింది. అమ్మ వంటింట్లోంచి పదిసార్లు తొంగి చూసింది. ఈ సున్నం వేసింది మా అమ్మ అని ఊరంతా చెప్పుకోవాలనిపించింది నాకు.

ఇప్పుడు మా ఇంట్లో పుట్టీ, ప్రైమర్, ఖరీదైన పెయింటు... తడిగుడ్డతో తుడిచినా చెక్కుచెదరదు. వచ్చినవాళ్ళు సోఫా అంచున కూర్చుని, టీ తాగి వెళ్ళిపోతారు. ఇంత మంచి గోడకు వీపు ఆనించి సాయంత్రం దాకా మాట్లాడే మనిషే లేడు...

మీ వీపుకు ఎవరింటి సున్నం అంటింది? చెప్పండి, కలిసి నవ్వుకుందాం...